ముదిమికి దగిన యూరు

మనుష్యుడు తన జీవితమున నివాసస్థలమును స్వేచ్ఛగా నెంచుకొను నవకాశము మిక్కిలి యరుదు. బాల్యమున తల్లిదండ్రులున్న యూరే మన యూరు. యౌవనమున జీతమిచ్చు యూరు మన యూరు. నడివయస్సున బిడ్డల చదువు ఏ పట్టణమున సాగునో ఆ పట్టణము మనది. ఉద్యోగము ముగిసి, బిడ్డలు తమతమ దారుల బోయిన పిదప మాత్రమే "ఇక నెచ్చట నుందము?" అను ప్రశ్న నిజముగా మన కెదురగును. ఢిల్లీ, కాన్పూరు, భిలాయి వంటి దూరపట్టణములలో ముప్పది నలువది యేండ్లు పనిచేసిన తెలుగువారును, శీతలదేశములనుండి మరలి వచ్చువారును పలువురు నేడీ ప్రశ్నకు ఒకే ప్రత్యుత్తరము చెప్పుచున్నారు: "చలి తక్కువగానుండు పల్లె యొకటి చూచుకొందుము. అచట చిన్న యిల్లు, నాలుగు కొబ్బరిచెట్లు, ఒక యావు. అంతకంటె నేమి కావలయును?" ఈ కోరిక యుక్తమా కాదా యనియు, యుక్తమైనచో దాని హద్దు లేవి యనియు ఇచట విచారింపదలచితిమి.

మొట్టమొదట దేహము పక్షమున వాదింపవలసియున్నది. మనుధర్మశాస్త్రము ఆరవ యధ్యాయమున వానప్రస్థునకు హేమంతమున తడిబట్టలతో నుండుమని విధించినది. దేహమును శత్రువుగా నెంచు ఈ విధిని నేటి గృహస్థుడు శిరసావహింప నక్కరలేదు. చలిగాలి సోకినప్పుడు చర్మమునందలి సన్నని రక్తనాళములు ముడుచుకొనును, రక్తపుపోటు హెచ్చును, గుండెకు పని పెరుగును. వయస్సు మీరినకొలది దేహము తన వేడిమిని తాను నిలుపుకొను శక్తి తగ్గును. కీళ్లు బిగియును, ఉబ్బసమువారికి ఊపిరి సలుపదు. ఉత్తరాది పట్టణములలో శీతకాలమున నేలనంటిన చల్లనిగాలి పైకి లేవజాలక పొగను, ధూళిని తనయందే పట్టియుంచుటచే ఈ బాధ యినుమడించును. అట్టి యెడ వెచ్చని చోటు కోరుట విలాసము గాదు. మంచము పట్టి యితరులకు భారమగుటకంటె ముందే తగిన తావు చూచుకొనుట గృహస్థధర్మములలో నొకటి యనియే మా యభిప్రాయము.

రోమకపండితుడగు సిసెరో క్రీస్తుపూర్వము 44వ సంవత్సరమున వార్ధక్యమును గూర్చి యొక గ్రంథము రచించి, అందు వృద్ధుడగు కేటో నోట పల్లెసీమను కొనియాడించెను. శీతకాలమున ఎండనో మంటనో కాచుకొనుటకును, వేసవిని నీడను నీటిని అనుభవించుటకును ముసలివానికి పల్లెకంటె మేలగు చోటు లేదని ఆతని తాత్పర్యము. ఆయన చలిని మాత్రమే తలచి యూరకుండలేదు. వేసవిని గూడ తలచెను. మనవారు సాధారణముగా మరచునది ఈ రెండవ సగమే.

జనవరిలో ఢిల్లీ రాత్రులు సగటున 7 డిగ్రీల దాపునకు దిగును. ఆదిలాబాదు సీమలో కొన్ని యేండ్లు 5 డిగ్రీలకంటెను తగ్గును. విశాఖ, కాకినాడల తీరమున ఆ రాత్రులే 18, 20 డిగ్రీల దరిని నిలుచును. నీరు నేలవలె త్వరగా వేడెక్కదు, త్వరగా చల్లారదు. కావున సముద్రము ప్రక్కనున్న పల్లెలకు చలి మెత్తనగును. ఈ లెక్క చూచినవానికి కోనసీమ స్వర్గమువలె దోచుట సహజము. కాని ఆ సముద్రమే 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెనయై వచ్చి వేలకొలది ప్రాణములను గొనిపోయినది. కోనసీమ కొబ్బరితోటలను నేలగూల్చిన 1996 నాటి తుపానుగూడ నవంబరులోనే, చలికాలపు వాకిట వచ్చినది. వేసవి సంగతి చూతము: 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశమున వేయిమందికి పైగా మరణించిరి. ముసలితనమున దప్పిక తెలియుట తగ్గును, చెమట పోయుట తగ్గును; కావున చలికి వెరచి వచ్చినవాడు ఎండకు చిక్కవచ్చును. మదనపల్లె వంటి మెట్టసీమ సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల యెత్తున నుండుటచే అచట వేసవి కొంత యోర్వదగినది, చలియు మితమైనది. 1915లో ఆరోగ్యవరమున క్షయరోగుల చికిత్సాలయము వెలయుటకు ఆ పొడిగాలియు నొక కారణము. అచటి కొరత నీరు.

మన ఆయుర్వేదకర్తలు దేశమును జాంగలము, ఆనూపము, సాధారణము అని మూడు తెరగులుగా విభజించిరి. నీరు కొరవడి పొడిగానుండునది మొదటిది. నీరును చెమ్మయు హెచ్చైనది రెండవది. రెండింటి లక్షణములు సమముగా గలది మూడవది. మొదటిదాన వాతమును, రెండవదాన కఫమును ప్రబలునని వారి మతము. వారు చూచినది ఋతువు నొక్కదానినే గాదు. నేలను, నీటిని, దేహమును కలిపి చూచిరి. కాబట్టి ఊరెంచుకొనువాడు ఒక వైశాఖపు టెండను, ఒక కార్తికపు వానను అచట అద్దెయింట గడిపి చూడక భూమి కొనరాదు. వైద్యశాల యెంతదూరమో, అర్ధరాత్రి బండి దొరకునో లేదో విచారింపక కొనుట సాహసము.

ఇంతవరకు చెప్పినది వివేకమునకు సంబంధించినది. ధర్మమునకు సంబంధించిన ప్రశ్న వేరు. రఘువంశపు రాజులు వార్ధక్యమున మునివృత్తి నవలంబించిరని కాళిదాసు చెప్పెను. ఆ మాట నాధారము చేసికొని, నేటి పల్లెవాసమును వానప్రస్థమని పిలుచుకొని సంతోషించువారు కలరు. ఈ పోలిక నిలువదు. వానప్రస్థుడు తన యవసరములను తగ్గించుకొని పోయెను. తాను తినుదానిలోనే అతిథికి పెట్టవలెనని అతనికి విధి. మనవాడు తన యవసరములను బండ్ల కెత్తించుకొని పోవుచున్నాడు. పట్టణమున నమ్మిన యింటివెలతో పల్లెలో రెండెకరములు కొనును. కూతురి పేర అరయెకరము కొనదలచిన ప్రక్కరైతు ఆ ధర విని వెనుదిరుగును. లోతైన బోరుబావి వేయించి పచ్చికకు నీరు పెట్టును. దాపునున్న దిగుడుబావి ఎండును. చుట్టును గోడ పెట్టును. పశువులు చెరువునకు బోవు దారి మూతబడును. ఇందు దురుద్దేశ మేదియు లేదు, చట్టమును మీరుటయు లేదు. అయినను ఊరికి కీడు జరిగినది. మన్యపు కొండలలో భూమి గిరిజనేతరుల పాలగుటను అరికట్టుటకై 1959లో వచ్చి 1970లో బిగింపబడిన నిబంధన ఇట్టి కీడు ముదిరిన పిమ్మట పుట్టినదే. మైదానపు చిన్నరైతునకు అట్టి రక్షణ లేదు. అతనికి రక్షణ కొనువాని మనస్సాక్షియే.

ఇంతకంటె దగ్గరి యన్యాయ మొకటి యింటిలోనే జరుగుచుండును. భార్యను పుత్రుల కప్పగించియైనను, వెంటగొనియైనను వనమునకు బోవచ్చునని మనువు చెప్పెను. ఆమె నడుగుమని చెప్పలేదు. నేటికిని పెక్కిండ్ల తీరు ఇదియే. భర్తకు ఉద్యోగవిరమణ కలదు. భార్యకు పొయ్యినుండి విరమణ లేదు. పట్టణమున ఆమెకు కొళాయినీరు, నడిచిపోదగిన అంగడి, ఇరువదియేండ్లుగా గూర్చుకొన్న ఇరుగుపొరుగు స్నేహములు కలవు. పల్లెకు వచ్చి ఆమె పోగొట్టుకొనున దిదంతయు. భర్త పొందునది వాలుకుర్చీ, వేపచెట్టు నీడ. పైగా ఆమె సాధారణముగా భర్తకంటె చిన్నది గావున, ఆ ఒంటరి యింట తుదకు మిగులునది గూడ నామెయే. ఒకరి చలి తగ్గుటకై యింకొకరి యేకాంతము పెంచుట యే ధర్మము? ఈ విషయమున ఆమె మాట సలహా గాదు, సగము నిర్ణయము. ఆమె వలదన్నచో ఆ యూరు వారిరువురకును తగిన యూరు కానేకాదు.

మరియు "మెత్తని చలి" యనుమాట యెవరి నోటిదో యోచింపవలెను. శాలువ గలవానికి 18 డిగ్రీలు హాయి. ఇటుకబట్టీ ప్రక్క గుడిసెలో గోనెపట్టాపై పరుండు వలసకూలి బిడ్డకు అదియే గజగజలాడించు చలి. ఆదిలాబాదు గూడెములోని ముసలివాడు వెచ్చని సీమ వెదకికొని పోజాలడు. నెగడొక్కటే వానికి దిక్కు. ఋతువునుండి తప్పించుకొను శక్తి పింఛను మనకిచ్చిన భాగ్యము. భాగ్యము తప్పు గాదు. అది యితరులకు లేదను మాట మరచుట తప్పు.

ఇచట చదువరులు కొందరు ఆక్షేపింపవచ్చును: "ముప్పదియైదేండ్లు గడియారమునకు బానిసలమైతిమి. తుదిదినములలోనైనను మమ్ము మా పాటికి విడువరాదా? అప్పుడును పరోపకారమేనా?" ఈ యాక్షేపణ త్రోసివేయదగినది గాదు. విశ్రాంతి హక్కే, ముసలివాని కునుకును పాపముగా నెంచు నీతి క్రూరనీతి. కాని విశ్రాంతి యనగా ఎవరికిని అక్కరలేకుండుట గాదు. ఉద్యోగము విడిచిన యారునెలలకే విసుగు, అలుక, లేని రోగముల తలపు పట్టుకొనువారిని మనమెరుగుదుము. వారిని బాధించునది పని గాదు, పని లేమి. 1914లో బెజవాడలో తొలి గ్రంథాలయ మహాసభను సమకూర్చిన అయ్యంకి వేంకటరమణయ్యగారును వారి సహచరులును పల్లెపల్లెకు పుస్తకశాల కావలెనని పాటుపడిరి. నేడు తలుపు తీయువారు లేక మూతబడిన పుస్తకశాలలు గల యూళ్లున్నవి. దినమునకు రెండుగంటలు ఆ తలుపు తీసి కూర్చుండుట, వెనుకబడిన బిడ్డకు లెక్కలు చెప్పుట, పింఛను రాని ముసలమ్మకు అర్జీ వ్రాసిపెట్టుట: ఇవి విశ్రాంతికి భంగము గావు, దానికి రుచి. ఒక్క హెచ్చరిక మాత్రము చేయుదుము. వచ్చిన మరునాడే ఊరిని సంస్కరింప బూనరాదు. మొదటి యేడు వినుటకు. మాట్లాడుటకు తరువాత చాల కాలమున్నది.

తుదకు ఈ విచారణ మమ్ము చేర్చిన నిర్ణయ మిది. చలికి ప్రతిక్రియలు పెక్కు కలవు. ఎండ తగులు గది, ఉన్ని మేజోళ్లు, తలకు మఫ్లరు, తెల్లవారుజామున బోవు షికారును తొమ్మిదిగంటలకు మార్చుకొనుట. వీనితో చాలవరకు గడపవచ్చును. నాలుగుదినములు తలుపు తెరువకున్నచో వచ్చి తట్టి పిలుచు పొరుగువాడు అంగడిలో దొరకడు. అరువదియేండ్లు దాటిన పిదప క్రొత్తగా నట్టివానిని సంపాదించుట కష్టము. కావున పిలుచువారున్న చోట నున్నవాడు, వైద్యుడు వలదన్ననే తప్ప, చలి నెపమున దానిని విడువరాదు. విడువక తప్పనివాడు మెత్తని చలి గల యూరికి పోవలసినదే. పోవుటకు ముందు భార్య సమ్మతిని, ఆ యూరి వేసవిని, ఆ యూరి నీటిని, తాను కొనుభూమిని దున్నుచున్న వాని గతిని విచారించి పోవలెను. పోయిన పిదప, ఆ యూరు తనకు వెచ్చదన మిచ్చుచున్నది గదా, తానేమి యిచ్చుచున్నాడో సంవత్సరమున కొకమారైనను లెక్క చూచుకొనవలెను. ఆ లెక్క సరిపోయిననాడు అతడు ఆ యూరివాడు. సరిపోనినాడు, ఎన్ని యేండ్లున్నను సత్రమున దిగిన బాటసారియే.