శాసనము అడుగరాని ప్రశ్న

అమెరికా రాజ్యాంగము తన ఆరవ అధికరణమున, ప్రభుత్వ పదవులకు మతపరీక్ష ఎన్నడును అర్హతగా ఉండరాదని విధించినది. ఆ విధి ప్రభుత్వమును బంధించునే కాని ఓటరు అంతఃకరణమును బంధింపదు. బంధించుట ఏ శాసనమునకును శక్యము కాదు. కావున శాసనము అడుగరాదన్న దానినే ఓటరు అడుగును. ఎవాంజెలికల్ క్రైస్తవుల బలము మెండుగా గల రిపబ్లికన్ పార్టీలో, అధ్యక్ష పదవికి అభ్యర్థిత్వము కోరు అన్యమతస్థునకు ఆ ప్రశ్న తప్పదు.

2023 డిసెంబరులో, అయోవాలో జరిగిన టెలివిజన్ సభలో, దేశస్థాపకులు ఆధారముగా గైకొన్న మతము మీది కానందున మీరు అధ్యక్షులు కాజాలరనువారికి ఏమి చెప్పుదురని, ఆ పార్టీ అభ్యర్థిత్వము కోరుచుండిన వివేక్ రామస్వామిని ఒక ఓటరు అడిగెను. తాను హిందువుననియు, పదవికొరకు మతము మారినట్లు నటింపననియు, ఈశ్వరుడు ప్రతివానిని ఒక ప్రయోజనమునకై పుట్టించెననియు, అందరిలోను ఆయనయే నివసించుటచేత అందరును సమానులేననియు ఆయన బదులు చెప్పెను. ఈ చివరి మాట అద్వైతమును ఏ కొంచెము వినిన తెలుగువానికైనను చిరపరిచితమే. 2024 జనవరి 15న అయోవా కాకస్‌లలో నాలుగవ స్థానము పొంది ఆయన పోటీనుండి విరమించెను. అందుకు మతమే హేతువనుట తొందరపాటు. ఆ యేడు ట్రంప్ ఎదుట క్రైస్తవులును నిలువలేకపోయిరి. అయినను, క్రైస్తవ అభ్యర్థి సాధారణముగ ఇచ్చుకొననక్కరలేని సంజాయిషీ హిందువునకు నిత్యవిధి యగుట నాకు బాధాకరముగ నున్నది.

అదే పార్టీలో అధ్యక్ష అభ్యర్థిత్వము కోరిన, హిందూ కుటుంబమున పుట్టిన బాబీ జిందాల్, సిక్కు కుటుంబమున పుట్టిన నిక్కీ హేలీ, ఎన్నికలలో అడుగిడుటకు ముందే క్రైస్తవులైరి. అది పదవీకాంక్షయేనని తేల్చువారు కలరు. పరుని హృదయమును గూర్చి అట్టి తీర్పు చెప్పు అధికారము ఎవరికిని లేదు. ఆ మార్పు వారికి అధ్యక్ష అభ్యర్థిత్వమును తెచ్చిపెట్టనును లేదు.

మిట్ రామ్నీ మార్గము వేరు. మోర్మన్ సంప్రదాయమునకు చెందిన ఆయన, 2007లో టెక్సాస్‌లో ప్రసంగించుచు, పితృపితామహుల విశ్వాసమును విడువననెను. తన సంఘపు సిద్ధాంతములను వివరింపుమనుట రాజ్యాంగము నిషేధించిన మతపరీక్షయే యగునని నిరాకరించెను. కాని క్రీస్తు దైవపుత్రుడని నమ్ముదునని మాత్రము ప్రకటించెను. 2012లో పార్టీ ఆయననే నిలిపెను.

ఆ ఒక్క ప్రకటన హిందువునకు సాధ్యము కాదు. తన దైవమును ఎరుగకున్నను తన నడవడిని చూచి నమ్ముమని హిందూ అభ్యర్థి ఓటరును కోరవలసియుండును. ధర్మమునకు ఆచరణమే గీటురాయి యని విశ్వసించు నాకు ఆ కోరిక సర్వవిధముల న్యాయముగనే తోచుచున్నది. కాని తెలుగు కుటుంబమున జన్మించి హిందువుగనే ఉన్న ఉషా చిలుకూరి ఎప్పటికైనను క్రైస్తవమునకు రావలెనని, ఉపాధ్యక్షుడైన ఆమె భర్తయే 2025లో నిండుసభలో ఆకాంక్షించెను. రాకున్నచో అది ఆమె స్వేచ్ఛయనియు అనెను. భార్య విషయముననే ఇట్టి ఆకాంక్షను బహిరంగముగ వెలిబుచ్చు పార్టీలో, హిందువు హిందువుగనే అభ్యర్థియగుట ఒకటి రెండు ఎన్నికలలో జరుగునని నేను నమ్మజాలను.