మిగిలినది ఏమి?

అకాలముగా చనిపోయినవారిని గూర్చి మనము "అయ్యో, సగములోనే పోయెను" అందుము. ఆ మాట నిజమా? మనిషి పోయిన పిమ్మట మిగులునది ఏమి?

మాండొలిన్ శ్రీనివాస్ 1969లో పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టెను. తండ్రిగారి మాండొలిన్‌ను చిన్ననాటనే చేతపట్టెను. గురువైన రుద్రరాజు సుబ్బరాజు గారికి ఆ వాద్యము వాయించుట రాదు. ఆయన పాడెడివారు, బాలుడు విని వాయించెడివాడు. 1978లో గుడివాడలో తొలి కచేరీ చేసెను. 1998లో పద్మశ్రీ పొందెను. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో 45 ఏండ్లకే కన్నుమూసెను. ఆయన రికార్డులు నిలిచియున్నవి.

పడమటి దేశములలోను ఇట్టివాడొకడుండెను. అమెరికాలో పుట్టిన స్కాట్ రాస్ ఫ్రాన్సులో నివసించి హార్ప్సికార్డు వాయించెడివాడు. దానికి మన హార్మోనియమునకు వలె మెట్లుండును. మెట్టు నొక్కగా లోపలి తీగె మీటబడును. 1685లో పుట్టిన స్కార్లట్టి రచించిన 555 సొనాటాలను ఆయన 1984, 1985 సంవత్సరములలో వాయించి రికార్డు చేయించెను. 1989లో 38 ఏండ్లకే మరణించెను.

ఇంత పని ముగించినవారిని సగములో పోయిరనవచ్చునా? అనరాదు. అయినను వారు బ్రదుకవలసిన ఏండ్లు పోయినవి. ఆ నష్టము నష్టమే. రికార్డు నిన్న వాయించినదే నేడును వాయించును. ఎదుట కూర్చున్న శిష్యుని తప్పు దిద్దలేదు. కాబట్టి దుఃఖించువారితో "రికార్డులున్నవి గదా" అనుట ఓదార్పు కాదు.

మరియొక సంగతి. శ్రీనివాస్ రికార్డులో మనకు వినబడునది మాండొలిన్. గాని గురువు పాడనియెడల ఆ వాద్యము అట్లు పలికియుండునా? వినబడని గురువు పని కూడ అందులో నున్నది.

మన ప్రజ్ఞాపూరు చుట్టుపట్ల నాట్లు వేయుచు తల్లులు పాడిన పాటలు ఎన్నియో ఏ యంత్రమునకును ఎక్కలేదు. అవి వ్యర్థమాయెనా? లేదు, విని పెరిగిన బిడ్డల నోట అవి నిలిచినవి. తలాంతుల ఉపమానములో యజమానుడు దాసులను ఎన్నాళ్లు బ్రదికితిరని అడుగలేదు. అప్పగించినదానితో ఏమి చేసిరో లెక్క చూచెను.

ఇంటి పెద్దలు పాడు పాటను ఫోనులో పట్టి ఉంచుట మంచిదే. అయితే వారుండగానే వారి యొద్ద కూర్చుండి దానిని నేర్చుకొందము. తప్పు పాడినప్పుడు వారిచేతనే దిద్దించుకొందము.