దడికి మంచి మొహం ఎటు?

చెక్కదడి కట్టడం మాకెవరూ నేర్పలేదు. వడ్రంగికి కూలి ఇచ్చే స్తోమత లేనప్పుడు మనిషి చాలా విద్యలు నేర్చుకుంటాడు, ఇదీ అలాంటిదే. ముందు రెండు మూలల్లో గుంజలు పాతాలి. వాటి మధ్య పురికొస లాగి కట్టి, దాని వెంట మిగతా గుంజలు నిలబెట్టాలి. గుండు వేలాడదీసి నిలువు చూసుకోవాలి. ఆరడుగుల గుంజలో రెండడుగులు నేలలోకి పోవాల్సిందే. గుంత అడుగున కంకర పోస్తే నీళ్ళు నిలవవు. పాతిన భాగానికి తారు పూస్తే చెదలు ఆలస్యంగా వస్తాయి. పలక చివర మేకు కొడితే చీలుతుంది. మేకు మొనని సుత్తితో కాస్త మొద్దుబరిచి కొడితే అంత తొందరగా చీలదు. ఇవి అరచేతులు బొబ్బలెక్కితేగానీ ఒంటబట్టవు. ఈ పని తరతరాలుగా చేస్తున్నవాళ్ళని తక్కువచేసి మాట్లాడే మన చదువుల మీద అప్పుడు కోపం కూడా వస్తుంది.

పని మధ్యలో ఒక చిక్కు ఎదురవుతుంది. దడికి రెండు మొహాలు. పలకలు నున్నగా కనిపించేది ఒకటి, గుంజలూ అడ్డపట్టీలూ ఎముకల గూడులా తేలి కనిపించేది ఇంకొకటి. మంచి మొహం ఎటు పెట్టాలి? మనవైపా, పక్కింటివైపా?

మాకైతే దీనికన్నా ముందు ఇంకో ప్రశ్న వస్తుంది. పక్కింటాయన ప్రహరీ కడితే అది ప్రహరీ. మేం నాలుగు పలకలు కొడితే "పరదా కోసమా సాయిబూ?" మేకలు మొక్కల్ని తినేస్తున్నాయని చెప్పినా నవ్వి ఊరుకుంటారు. మా కర్రకి కూడా మతం ఉంటుందన్నమాట! మేం విడిగా బతకాలనుకుంటున్నామని తీర్మానించేస్తారు. అద్దెకి ఇల్లడిగితే మాత్రం పేరు విన్నాక "నిన్ననే ఇచ్చేశాం" అంటారు. టూలెట్ బోర్డు గేటుకి వేలాడుతూనే ఉంటుంది. ఆ దడికి గుంజ లేదు, మేకు లేదు. కట్టిందెవరో వేలెత్తి చూపించలేం.

చూపించగలిగినవీ ఉన్నాయి. తమిళనాడులో మధురై జిల్లా ఉత్తపురంలో దళితుల్ని వేరుచేస్తూ 1989లో లేచిన గోడని కొంతమేరకైనా కూల్చడానికి 2008 దాకా పట్టింది. గుజరాత్‌లో 1991 చట్టం ఉంది. అల్లర్ల ప్రాంతమని ప్రకటించిన చోట ఇల్లు అమ్మాలంటే కలెక్టరు అనుమతి కావాలి. ప్రాణభయంతో అయినకాడికి అమ్ముకుని పోయేవాళ్ళని కాపాడటానికన్నారు. ఆ ఉద్దేశాన్ని మేం తప్పుపట్టం. కానీ హిందువుల వీధిలో ముస్లిం ఇల్లు కొనకుండా ఆపడానికీ అదే పనికొస్తోంది. కంచే చేను మెయ్యడమంటే ఇదే.

అయితే మేం దడి కట్టుకోకూడదా? మా మనసు విశాలమని రుజువు చెయ్యడానికి వాకిలి ఎప్పుడూ బార్లా తెరిచి ఉంచాలా? ఎవరి కంటా పడకుండా అమ్మీ వాకిట్లో తల ఆరబెట్టుకోవడానికి కూడా సంజాయిషీ ఇచ్చుకోవాలా? పరదా కోసమే కట్టామనుకోండి, అయితే ఏంటి?

కానీ హక్కు ఉందన్నంత మాత్రాన లెక్క తీరిపోదు. మా ఇళ్ళల్లో కూడా పరదా పేరుతో ఆడవాళ్ళ చుట్టూ లేపిన దడులున్నాయి. వాళ్ళనడిగి కట్టినవి కావవి. కర్రది కాదు తప్పు. లోపలివాళ్ళనీ బయటివాళ్ళనీ అడిగామా లేదా అన్నదే అసలు తగువు.

బుఖారీ హదీసుల్లో ఒకటుంది. పొరుగువాడు నీ గోడలో కర్ర దూర్చుకుంటానంటే అడ్డుచెప్పొద్దన్నది దాని సారం. ఆ మాట వినిపించిన అబూ హురైరా, జనం దానికి మొహం తిప్పుకుంటున్నారని నిలదీశారు కూడా. తిప్పుకోరా మరి? గోడ నాది, కర్ర వాడిదీనూ! ఇమాం అహ్మద్ దాన్ని పొరుగువాడి హక్కు అన్నారు. మేం నడిచే హనఫీ దారిలో అది, చేస్తే మంచిదన్న మాట మాత్రమే. ఈ ఒక్క విషయంలో మాకు అహ్మద్ మాటే నచ్చుతుంది. ఎదుటివాడి మంచితనానికి వదిలేస్తే, అడిగేవాడు ఎప్పటికీ అడుక్కునేవాడిగానే మిగిలిపోతాడు. ఇల్లు వెతుక్కునే ప్రతిసారీ మాకిది తెలుస్తూనే ఉంది.

మరి అదే హక్కు మా దడి మీద పక్కింటావిడకి ఉండాలి గదా! బీరపాదు పాకించుకుంటానంటే అది మా దయ కాకూడదు. పండక్కి షీర్ ఖుర్మా పంపించాం గాబట్టి ఆమె మాకు బాకీ అనుకోవడమూ కుదరదు. సేమ్యా వేరు, హద్దు వేరు.

నున్నటి మొహం అటువైపే పెట్టాం. అడ్డపట్టీలు మావైపుంటే తువ్వాళ్ళయినా తగిలించుకోవచ్చు. రెండు గుంజల మధ్య మనిషి పట్టేంత మేర పలకలు కొట్టలేదు, అక్కడ చిన్న తలుపు రావాలి. గడియ ఒకవైపే ఉండాలా, రెండువైపులా ఉండాలా అన్నది పక్కింటివాళ్ళతో ఇంకా తేలలేదు.