‘రేపు రా’ అను గుమ్మము

ఈసారి ధ్యానమునకై సామెతలు 3:27, 28 వచనములను, ద్వితీయోపదేశకాండము 24:14, 15 వచనములను తీసికొంటిమి. ఈ పత్రికను కాసేపు ప్రక్కన పెట్టి, ముందుగా వాటిని చదువుకొనుడని కోరుచున్నాము.

ఒకప్పుడు మన తెలుగు పల్లెలలో తలుపులమీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని వ్రాసెడివారు. 1990 ప్రాంతమున కర్ణాటకలోను ‘నాళె బా’ అని వ్రాసిన ఇండ్లుండెను. రాత్రివేళ దయ్యము వచ్చి, ఆ వ్రాత చదివి వెనుకకు పోవుననియు, మరునాడు వచ్చి మరల అదే చదివి మరల పోవుననియు జనుల నమ్మకము. ఆ మూఢనమ్మకముతో మనకు పని లేదు. గాని కొల్హార్ పారిశ్రామిక వాడ చుట్టుప్రక్కల వెల్డింగు, రంగులు, కరెంటు, తాపీ పని సొంతముగా చేసికొను మన సహోదరులు ఆ మాటను మనుష్యుల నోట వినుచున్నారు. గేటు బిగించుట ముగిసినది. ఇంటివారు దానిని తెరచి, మూసి, చూచి, బాగున్నదనిరి. డబ్బు మాత్రము రేపు. బీదరులో కన్నడము, ఉర్దూ, మరాఠీ, తెలుగు నాలుగును వినబడును. నాళె బా, కల్ ఆనా, ఉద్యా యే, రేపు రా – ఏ భాషలో చెప్పినను పనివాడు వట్టి చేతులతోనే ఇంటికి పోవుచున్నాడు.

సామెతల గ్రంథము సరిగా ఈ మాటనే పట్టుకొన్నది. చేతిలో డబ్బు ఉంచుకొని పొరుగువానిని రేపటికి త్రిప్పవద్దని చెప్పుచున్నది. లేనివానిని గూర్చి కాదు, ఉన్నవానిని గూర్చియే ఆ హెచ్చరిక. మోషే ధర్మశాస్త్రము ఇంకను ఖండితముగా పలుకుచున్నది. కూలివాడు స్వజనుడైనను, మన గ్రామములో నివసించు పరదేశియైనను, ప్రొద్దు గ్రుంకకముందే కూలి అందవలెను. అతడు బీదవాడు, ఆ సొమ్ముకై అతని ప్రాణము కనిపెట్టుకొని యున్నది.

‘పరదేశి’ అను మాటయొద్ద మనము కొంచెము ఆగవలెను. బీదరు 1956 నవంబరు 1 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిది. ఆ దినమున మైసూరు రాష్ట్రములో చేరెను. కనుక ఇక్కడి తెలుగువారిలో కొందరు ఊరు కదలకయే పొరుగు రాష్ట్రపు వారైరి. కొందరు పని వెదకుకొనుచు వచ్చిరి. ఎట్లు వచ్చినను, బాకీ అడుగవలసిన వేళ ‘మనది ఈ ఊరు కాదు గదా, గట్టిగా అడిగితే ఏమందురో’ అను భయము మన గొంతులో అడ్డుపడును. ఆ భయమును ముందే ఎరిగినట్లు ధర్మశాస్త్రము పరదేశిని పేరుపెట్టి చేర్చినది.

మన విశ్వాసులలో మరియొక తలంపు ఉన్నది. రెండవమారు డబ్బు అడుగుట ధనాపేక్ష యనియు, అడుగక మౌనముగా ఉండుట భక్తి యనియు. మేము దీనితో ఏకీభవింపము. భార్య కిరాణా కొట్టులో ఖాతా వ్రాయించుచుండగా, భర్త ‘ప్రభువే చూచుకొనును’ అని కూర్చుండుట ఓర్పు కాదు, మొగమాటము. యాకోబు పత్రిక 5:4 ప్రకారము, మోసముతో నిలిపివేసిన కూలి తానే దేవుని యెదుట గొంతెత్తుచున్నది. కూలికే గొంతున్నప్పుడు కూలివాడు మూగవాడు కానేల?

మన పితరులకు అడుగు హక్కే లేకపోయెను. తోలుపని చేసిన మనవారు ఏడాది పొడుగున మోట బావులకు బానలు, రైతులకు చెప్పులు కుట్టి ఇచ్చి, కోతలనాడు కళ్ళములో రైతు పెట్టిన మేర గింజలు కొంగున కట్టుకొని వచ్చెడివారు. ఇంత పనికి ఇంత అని మాట లేదు. వాన లేని యేడు గింజయు లేదు. 1876–78 నాటి గొప్ప కరవులో, మన పెద్దలు ధాత కరవని పిలిచిన ఆ దినములలో, ఒంగోలు మిషనెరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగము త్రవ్వు కంట్రాక్టును తామే తీసికొని, తమ సువార్తికులను పనిమీద ఉంచి, ఆకలితో వచ్చినవారికి పనియు కూలియు కల్పించిరి. అన్నము కొరకు మతములోనికి వచ్చిరను మాట రాకుండ ఆ సహాయము సాగినంత కాలము బాప్తిస్మములు ఆపియుంచిరి. పిమ్మట 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను మన సంఘములలో పిల్లలు సయితము అప్పగింతురు. దానికి ముందు కాలువ గట్టున నడిచిన కూలి లెక్కను ఎవరును అప్పగింపరు!

ఇక డబ్బు ఇయ్యని ఖాతాదారునితో ఎట్లు మెలగవలెనో చూతము. హిత్తీయుడైన ఎఫ్రోను సంగతి ఆదికాండము 23లో ఉన్నది. మొదట పొలమును ఊరకే తీసికొమ్మనెను. తరువాత నాలుగు వందల తులముల వెండి, నీకు నాకు అదెంత అనెను. నేటి భాషలో, ‘మన మధ్య లెక్కలేమిటి అన్నా, పని కానియ్యి, చూసుకుందాం’. ఆ తియ్యని మాటకు అబ్రాహాము లొంగలేదు. తానును అక్కడ పరదేశియే. ఊరి గవినియొద్ద, నలుగురు వినుచుండగా, వెండి తూచి ఇచ్చెను. ఇచ్చువాడే అంత జాగ్రత్తగా ధర తేల్చుకొనగా, పుచ్చుకొనవలసిన మనము ‘మీకు తోచినంత ఇవ్వండి సార్’ అని పని మొదలుపెట్టుచున్నాము. ఆ మాట వినయమువలె వినబడును. పని ముగిసిన దినమున అదే జగడమునకు వేరు.

లాబాను పరాయివాడు కాడు, సొంత మేనమామ. బంధువుడవని ఊరకే కొలువు చేయుదువా, జీతమేమో చెప్పుమని తానే అడిగెను. తుదకు ఇరువది సంవత్సరములలో పది మారులు జీతము మార్చెను. మందను కాయు పనిలో యాకోబు లోపము చేయలేదు. సమయము వచ్చినప్పుడు లాబాను ముఖాముఖిగా నిలిచి, ఎండకు మంచుకు కాచిన ఏండ్లు, తాను సహించిన నష్టము వరుసగా లెక్క చెప్పెను. (చెప్పకుండ బయలుదేరిన భాగము మాత్రము అనుకరింపదగినది కాదు.) కోపముతో వెళ్ళి, తాను బిగించిన మోటారును తానే విప్పుకొని వచ్చువారున్నారు. అప్పుడు నీ బాకీ మాట వెనుకబడి, నీమీద ఫిర్యాదు ముందుకు వచ్చును.

యిర్మీయా తన పినతండ్రి కుమారుని పొలమును 17 తులముల వెండికి కొన్నప్పుడు క్రయపత్రము వ్రాయించి, సాక్షులను పిలిచి, ముద్ర వేసిన ప్రతిని, ముద్ర లేని ప్రతిని భద్రపరచెను. యెరూషలేము ముట్టడిలో ఉండగా, తాను చెరసాల ప్రాకారములో ఉండగా! మనము ఒక్క కాగితము వ్రాయలేమా? ఏ పని, ఎంత రేటు, సామాను ఎవరిది, అడ్వాన్సు ఎంత, మిగిలినది ఎన్నడు – ఐదు వరుసలు చాలును. అడ్వాన్సు కనీసము సామాను ఖరీదుకు సరిపోవలెను. ఇనుప కొట్టువాడు నీ ఖాతాదారుని రేపటికై ఆగడు. పని మధ్యలో ‘పనిలో పని ఇదొక్కటి కూడా’ అను మాట వచ్చినప్పుడు, దాని ఖరీదు అప్పుడే చెప్పి ఆ కాగితముననే చేర్చుడి. తగవులలో ఎక్కువ భాగము ఆ ‘ఒక్కటి’ యొద్దనే పుట్టుచున్నవి. కాగితము పుచ్చుకొనుటకు ఇష్టపడని వానికి ఫోనులోనైనను అదే సంగతి వ్రాసి పంపి, సరేనను జవాబు వచ్చిన తరువాతనే సామాను కొనుడి.

లోక చట్టములోను మనకు ఆసరా ఉన్నది. 1963 నాటి కాలపరిమితి చట్టము ప్రకారము చేసిన పనికి రావలసిన సొమ్ముకై మూడు సంవత్సరములలోపుగా దావా వేయవలెను. ఆ గడువులోపల బాకీదారుడు బాకీ నిజమేనని వ్రాసి సంతకము చేసినయెడల, లెక్క అక్కడనుండి మరల మొదలగును. ఫ్యాక్టరీలకు సామానో సేవయో అందించు చిన్న పనివారు ఉద్యమ్ నమోదు చేయించుకొనవలెనని మా సలహా. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టము అట్టివారికి 45 దినములకు మించి చెల్లింపు ఆపరాదనుచున్నది. మించినచో రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెల నెల చక్రవడ్డీగా కట్టవలెను. ఫిర్యాదు వినుటకు రాష్ట్రములలో మండలులున్నవి. విశ్వాసి చట్టమును ఆశ్రయింపవచ్చునా అని సందేహించువారు, పౌలు కైసరు ఎదుట చెప్పుకొందుననిన సంగతి అపొస్తలుల కార్యములు 25లో చూచుకొనవచ్చును.

సహోదరునిమీద సహోదరుడు కోర్టుకెక్కుటనైతే పౌలు 1 కొరింథీయులకు 6లో గద్దించెను. అక్కడే మన సంఘముల నొప్పి ఉన్నది. ఎక్కువ కాలము నిలిచియున్న బాకీలు బయటివారివి కావు, మన బెంచీలమీద కూర్చుండువారివి. ‘మన సంఘస్థుడే గదా’ అని రేటు తగ్గించుమనుట, తగ్గించినదానిని కూడ పండుగవరకు లాగుట. క్రొత్త ఇంటికి ప్రతిష్ఠ కూటము పెట్టి, పాస్టరుగారికి శాలువ కప్పి, అందరికి బిరియాని పెట్టి, ఆ ఇంటికి రంగు వేసినవానికి మాత్రము సగమే ఇచ్చినవారిని మేము ఎరుగుదుము. యిర్మీయా 22లో యెహోయాకీము రాజు సంగతి చదువుడి. విశాలమైన మేడగదులు, పెద్ద కిటికీలు, దేవదారు పలకలు, గోడలకు ఎఱ్ఱని రంగు. పనివారికి జీతము లేదు. ఆ ఇంటిని దేవుడు ఆశీర్వదింపలేదు, శ్రమ అని పలికెను. అట్టి తగవు సంఘములో లేచినప్పుడు ‘ఇది లోక విషయము’ అని పెద్దలు తప్పించుకొనరాదు. తీర్పుతీర్చగల జ్ఞాని మీలో ఒక్కడైనను లేడా అని పౌలు అడిగినది పెద్దలనే గదా. కొరింథులోనే ఆయన అకుల ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టెను; వారును రోమానుండి వెళ్ళగొట్టబడి వచ్చిన వలసవారే. పని చేసిన చేతి బాధ ఆయనకు తెలియును.

ఇంతవరకు బాకీ ఇయ్యనివారిని గూర్చి చెప్పితిమి. ఇప్పుడు బాకీ రానివారితో ఒక మాట. నీ క్రింద ఇద్దరు హెల్పర్లు ఉన్నారనుకొనుము. ఒకడు యాద్గిరు వైపునుండి వచ్చినవాడు, ఒకడు బీహారు పిల్లవాడు. శనివారము సాయంకాలము నీకు డబ్బు రాలేదు. నీవు వారితో ఏమి చెప్పుదువు? ‘పార్టీ ఇయ్యలేదు, రేపు రండి’. నీవు ఏ గుమ్మమునుండి తిరిగి వచ్చితివో ఆ మాటనే నీ గుమ్మములో నిలిచి చెప్పుచున్నావు. ఆ పిల్లవాడు ఫ్యాక్టరీవానితో ఒప్పందము చేసికొనలేదు, నీతో చేసికొనెను. ద్వితీయోపదేశకాండములో పైవాడు ఇచ్చిన తరువాత క్రిందివానికి ఇమ్మను షరతు ఎక్కడను లేదు. కాబట్టి అడ్వాన్సు చేతికి వచ్చిన దినముననే హెల్పర్ల వారపు కూలిని వేరు తీసి పెట్టుడి. ఆ మాత్రము అడ్వాన్సు ఇయ్యనివాని పని ఒప్పుకొనకుడి. పని పోవునని భయమా? కూలి రాని పని పోయినందున ఎవరికిని నష్టము లేదు.

క్షమించి వదలివేయవలసిన బాకీలును ఉండును. ఇంటి యజమానుడు మంచమెక్కెను, పంట పోయెను, నిజముగా చేతిలో లేదు. అట్టివానిని మెడపట్టుకొనిన దాసుని సంగతి ప్రభువు మత్తయి 18లో చెప్పియున్నారు. వాయిదాలు ఇయ్యుడి, చేతనైనచో పూర్తిగా మాఫీ చేయుడి. కాని నీ వంతును మాత్రమే నీవు మాఫీ చేయగలవు. ఆ బాకీలో హెల్పరు కూలి, ఇనుప కొట్టువాని సొమ్ము కలిసియున్నవి. వాటిని క్షమించు అధికారము నీకు లేదు. ఒనేసిము బాకీని ఫిలేమోను విడిచిపెట్టవలెనని పౌలు కోరినప్పుడు, ఊరకే విడువుమని వ్రాయలేదు, నా లెక్కలో వేయుము, నేనే తీర్చెదనని స్వహస్తముతో వ్రాసి ఇచ్చెను.

వచ్చు నెల మొదటి ఆదివారము ప్రభురాత్రి భోజన సంస్కారము. దానికి ముందటి శనివారము ప్రొద్దు గ్రుంకకముందే, మన సంఘములలో ఏ పనివానికైనను, విశ్వాసియైనను కాకున్నను, బాకీ ఉన్నవారు తీర్చివేయుడి. ఎవరు ఎవరికి ఎంత అని డీకన్లు విచారింపరు. అతనిని మరల పిలిపించుకొనకుడి. చిరునామా కనుగొని మీరే వెళ్ళి ఇచ్చి రండి.