మౌనం అర్ధాంగీకారమేనా?

గడువునాటికి ప్రతివాది హాజరు కాకపోతే, అతడు లేకుండానే న్యాయస్థానం ఏకపక్షంగా డిక్రీ ఇవ్వటం చిరకాలంగా ఉన్న పద్ధతి. ఆ గైర్హాజరును ఆంగ్ల న్యాయపరిభాషలో డిఫాల్ట్ అంటారు. అప్పు తీర్చనివాడిని డిఫాల్టరు అనటం మనకు పరిచితమే. ఈ మాటే కంప్యూటరు రంగంలో ప్రవేశించి కొంత అర్థాన్ని మార్చుకున్నది. వాడుకరి ఏమీ చెప్పనప్పుడు దానంతట అది అమలులోకి వచ్చే అమరికను అక్కడ డిఫాల్ట్ అంటున్నారు. అర్థం మారినా మూలభావం మారలేదు. ఒక మనిషి మాట్లాడనప్పుడు అతని తరఫున మరొకరు చేసిన నిర్ణయమే అది. మౌనం అర్ధాంగీకారమని మన పెద్దలు అన్నారు. ఈ యంత్రం ముందు అది పూర్ణాంగీకారంగా పరిణమిస్తున్నది.

కంప్యూటరులో ఆపరేటింగ్ సిస్టమ్‌ను నెలకొల్పే ఇన్‌స్టాలర్, కొత్త వాడుకరిని ముందే ఎంచి ఉంచిన అమరికల వైపు నడిపించవచ్చునా? లేక ప్రతి విషయమూ అతనినే అడిగి తెలుసుకోవాలా? ఇది సాంకేతిక నిపుణులకు వదలివేయదగిన ప్రశ్నగా పైకి కనిపిస్తుంది. కాని తెలిసినవాడు తెలియనివానికి ఎంతవరకు దారి చూపవచ్చు, ఎక్కడ ఆగాలి అన్నదే దీని సారం. ఆ దృష్టితో చూస్తే ఇది ధర్మవిచారణకు చెందిన ప్రశ్న.

1993లో ప్రారంభమై, నేటికీ స్వచ్ఛంద కార్యకర్తలు నిర్మిస్తున్న డెబియన్ వ్యవస్థను ఉదాహరణగా తీసుకుందాం. దాని ఇన్‌స్టాలర్ భాష, దేశం, కీబోర్డు మొదలైనవి అడిగిన తరువాత డిస్కును ఎలా విభజించాలని అడుగుతుంది. ఫైళ్ళన్నీ ఒకే విభాగంలో ఉంచటం, వాడుకరి సొంత ఫైళ్ళకు వేరే విభాగం కేటాయించటం వంటి మార్గాలను చూపుతూ, మొదటిదాని పక్కన ‘కొత్తవారికి ఇది సిఫార్సు’ అన్న అర్థం వచ్చే మాట చేరుస్తుంది. విభాగమంటే ఏమిటో ఎరుగనివానికి ఈ మాట మేలే చేస్తుంది. అది కూడా చెప్పకుండా నిర్ణయం నీదే అనటం, ఈత రానివానిని ఏటి ఒడ్డున నిలిపి ఏ రేవులో దిగుతావో నీ ఇష్టమనటం వంటిది. అది స్వేచ్ఛను గౌరవించటం కాదు, బాధ్యతను తప్పించుకోవటం.

పైగా, ఏ వైపూ మొగ్గకుండా అడగటమన్నది అనుకున్నంత సులభం కాదు. వాడుకరులు తమకు నచ్చిన బ్రౌజరును ఎంచుకునేందుకు ఒక తెర చూపుతామని మైక్రోసాఫ్ట్ సంస్థ 2009 డిసెంబరులో ఐరోపా కమిషన్‌కు హామీ ఇచ్చింది. 2010 మార్చిలో ఆ తెర అమలులోకి వచ్చింది. ఎవరికీ పక్షపాతం కలగకుండా బ్రౌజర్ల పేర్లను ప్రతిసారీ కలిపి చూపాలన్నది ఏర్పాటు. తీరా చూస్తే ఆ కలిపే పద్ధతిలోనే లోపం ఉండి, కొన్ని పేర్లు కొన్ని స్థానాల్లో ఎక్కువగా రావటం బయటపడింది. తరువాత దానిని సరిదిద్దారు. జాబితా అంటూ ఉంటే అందులో ఏదో ఒకటి ముందు ఉండక తప్పదు. ముందున్నదానికి బలం ఉండకా తప్పదు.

ఆ బలం ఎంతటిదో 2003లో జాన్సన్, గోల్డ్‌స్టీన్ అనే పరిశోధకులు సైన్స్ పత్రికలో ప్రకటించిన వ్యాసం తెలియజేస్తుంది. మరణానంతర అవయవదానానికి స్వయంగా ముందుకు వచ్చి సమ్మతి తెలుపవలసిన జర్మనీలో సుమారు 12 శాతం మంది సమ్మతించారు. వద్దని చెప్పనంత వరకు సమ్మతించినట్లే భావించే పొరుగుదేశం ఆస్ట్రియాలో ఆ సంఖ్య 99 శాతానికి పైబడింది. ఈ రెండు దేశాల ప్రజల దయాగుణంలో ఇంత అంతరం ఉన్నదని ఎవరూ అనలేరు. అంతరమంతా దరఖాస్తు రూపకల్పనలోనే ఉన్నది.

ఇంతటి బలం చేతిలో ఉన్నప్పుడు దానిని తన లాభానికి వాడుకోవాలన్న ఆశ కలగటం సహజం. 2015లో వచ్చిన విండోస్ 10 నెలకొల్పేటప్పుడు ‘ఎక్స్‌ప్రెస్’ అమరికలను ఎంచుకోవటం అతి సులభం. వాటిని ఆమోదిస్తే వాడుకరి సమాచారం చాలావరకు సంస్థకు చేరేది. 2016 జులైలో ఫ్రాన్స్ సమాచార రక్షణ సంస్థ దీనిపై నోటీసు జారీ చేసింది. 2017లో ఆ పద్ధతి స్థానంలో ఒక్కొక్క అంశాన్ని విడిగా చూపే తెర వచ్చింది. ముందుగానే టిక్కు పెట్టి ఉంచిన గడి సమ్మతి కాజాలదని ఐరోపా న్యాయస్థానం 2019లో తీర్పు చెప్పింది. మన దేశంలోనూ, ఫోనును మొదటిసారి అమర్చుకునేటప్పుడే సెర్చ్ ఇంజన్‌ను ఎంచుకునే వీలు కల్పించాలని కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌ను ఆదేశించింది. 2023లో పార్లమెంటు ఆమోదించిన వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణ చట్టం, సమ్మతి అనేది వ్యక్తి స్పష్టంగా చేసిన చర్య ద్వారా వ్యక్తం కావాలంటున్నది. మౌనాన్ని అంగీకారంగా లెక్కించే వ్యవహారానికి చట్టం గీచిన హద్దు ఇది.

అయితే దారి చూపేవాని మనసు మంచిదైనంత మాత్రాన సమస్య తీరదు. ఇందుకు నా అనుభవం ఒకటి చెప్పక తప్పదు. నేను పనిచేసిన ఒక కార్యాలయంలో ఒక సీనియర్ సహాయకుడు ఉండేవారు. ఆయన రెండేళ్ళు శ్రమించి, కొన్ని తాలూకాల గ్రామ కైఫీయతులకు ఊరివారీ సూచిక తయారుచేసి తన కంప్యూటరులో భద్రపరచుకున్నారు. దానిలో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ నెలకొల్పుతున్న రోజున నా గదికి వచ్చి, “ఇది ఏవేవో అడుగుతున్నది సార్” అన్నారు. “అది సూచించినదే ఎంచుకుంటూ వెళ్ళండి” అన్నాను. భాషల జాబితాలో తెలుగు ఉన్నా గుర్తు ఇంగ్లీషు మీద ఉన్నది కనుక ఆయన ఇంగ్లీషునే ఎంచుకున్నారు. మొత్తం డిస్కును వాడుకోవటమన్న సూచననూ ఆమోదించారు. చివరి తెరలో, పాత సమాచారమంతా చెరిగిపోతుంది, కానివ్వమంటారా అన్న ప్రశ్న వచ్చింది. అక్కడ గుర్తు ‘కాదు’ మీద ఉన్నది. ఆయన దానినే నొక్కారు. యంత్రం వెనక్కి వెళ్ళి మళ్ళీ అదే అడిగింది. ఆయన తిరిగి నా దగ్గరకు వచ్చారు. నేను తెర చూడకుండానే “అవును అనండి” అన్నాను.

సూచిక పోయింది. దానికి మరో ప్రతి లేదు. నేను క్షమాపణ చెప్పబోతే ఆయన, “మీరు చెప్పారు కదా సార్, నేను మళ్ళీ ఆలోచించలేదు” అన్నారు. ఆ మాటలో నింద లేదు. అందుకే అది నన్ను నేటికీ వదలలేదు.

యంత్రం తన వంతు హెచ్చరిక చేసింది. ఆయనకు బాగా వచ్చిన భాషలో ఆ హెచ్చరిక కనిపించి ఉంటే, నా దగ్గరకు రెండవసారి వచ్చేవారు కారేమో. ఈ సంఘటన తరువాత నాకు కొన్ని విషయాలు స్పష్టపడినవి. ఫైళ్ళ అమరిక వంటి సాంకేతిక విషయాల్లో కొత్తవానికి మార్గం చూపటం ఇన్‌స్టాలర్ విధి. చెరిగితే తిరిగి రానిదాని విషయంలో ముందుగా ఎంచి ఉంచవలసినది ‘కాదు’ మాత్రమే. డెబియన్ ఆ పనే చేస్తున్నది. వాడుకరి నుంచి ఏదైనా తీసుకునేటప్పుడు గడి ఖాళీగా ఉండాలి. ఇక భాష విషయంలో ఏ గుర్తూ ముందే నిలిచి ఉండరాదు. ఎందుకంటే తక్కిన ప్రశ్నలన్నీ అర్థం కావటం, కాకపోవటం ఆ మొదటి ప్రశ్న మీదనే ఆధారపడి ఉన్నది.

ఇవన్నీ పాటించినా చిక్కులు మిగులుతాయి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సిద్ధాంతాన్ని నిష్ఠగా పాటించిన డెబియన్ సభ్యులు సైతం, పరికరాలు పనిచేయటానికి అవసరమైన స్వేచ్ఛారహిత ఫర్మ్‌వేర్‌ను ఇన్‌స్టాలర్‌లో చేర్చాలని 2022లో ఓటు వేశారు. 2023 నాటి విడుదలతో అది అమలయింది. సిద్ధాంతానికీ కొత్తవాని కష్టానికీ మధ్య వారు రెండవదానికి తలవంచారు. అది తప్పని నేననలేను. కాని ఆ నిర్ణయం బహిరంగంగా, చర్చించి, ఓటు వేసి చేసినది. ఎవరు, ఎందుకు చేశారో తెలుసుకోగోరినవారు తెలుసుకోవచ్చు.

కార్యాలయాల్లో ఉన్న మనం కూడా ఒక విధంగా ఇన్‌స్టాలర్లమే. దరఖాస్తు నమూనాలో ఏ గడి ముందే నింపి ఉండాలి, గడువులోగా జవాబు రాకపోతే ఏమని భావించాలి అన్నవి నిత్యం మనం చేసే నిర్ణయాలే. అవతలివాడు మనల్ని నమ్మి ఆలోచించటం మానివేసినప్పుడు, అతని వంతు ఆలోచన కూడా మనమే చేయవలసి ఉంటుంది. నేను ఆ రోజు కుర్చీలోంచి లేచి తెర చూడలేదు.