ఇంటి అనురాగము

ధ్యాన భాగము: రోమా 12:10



మన తెలుగులో మమత, వాత్సల్యము, అనురాగము అని ఎన్నో మాటలున్నను, సాధారణముగా అన్నిటికిని ప్రేమ అనియే చెప్పుచుందుము. గ్రీకువారికి వేరువేరు మాటలుండెను. అగాపే అను మాట గుడిలో మనము తరచుగా వినుచున్నాము. ఫిలియా అనగా స్నేహము. ఎరోస్ అనగా స్త్రీ పురుషుల వలపు. నాలుగవ మాట స్తోర్గే. దీనినిగూర్చి మనము వినుట అరుదు. తల్లిదండ్రులకు బిడ్డలయందును, బిడ్డలకు తల్లిదండ్రులయందును, ఒక ఇంటివారికి ఒకరియందొకరికిని సహజముగా కలుగు మమకారమే స్తోర్గే. దూడ అరవగానే ఆవు చేపును. దానికి ఎవరు నేర్పిరి? అట్టిదే ఈ ప్రేమ.

క్రొత్త నిబంధనలో స్తోర్గే అను మాట ఒంటరిగా ఎక్కడను కనబడదు. అయితే ఆ మాటనుండి పుట్టిన మాటలు పౌలు పత్రికలలో మూడు చోట్ల ఉన్నవి. రోమా 1:31లోను 2 తిమోతి 3:3లోను అది లేనివారినిగూర్చి వ్రాయబడినది. మన తెలుగు బైబిలులో దానిని అనురాగ రహితులు అని తర్జుమా చేసిరి. రోమా 12:10లో అది సమృద్ధిగా గలవారినిగూర్చి వ్రాయబడినది. ఈ మూడు చోట్లను కలిపి ధ్యానించుదము.

1. ఇంటి అనురాగము దేవుని దానము.

పౌలు అనురాగ రహితులను ఎవరి ప్రక్కను నిలువబెట్టెనో చూడుడి. రెండు పట్టికలలోను తల్లిదండ్రులకు అవిధేయులైనవారు వారికి దగ్గరగానే యున్నారు. దేవుని విడిచిన లోకము ఎట్లుండునని చెప్పుచు, ఇంటిలో మమకారము చల్లారుటను అపొస్తలుడు ఒక గురుతుగా చూపుచున్నాడు. దేవునికి అర్పితమని చెప్పి తలిదండ్రులకు పెట్టవలసినది పెట్టనివారిని మన ప్రభువు గద్దించెను (మార్కు 7:9-13). తాను సిలువమీద వ్రేలాడుచున్న గడియలోను తల్లికి ఒక ఇల్లు చూపెను (యోహాను 19:26, 27). కాబట్టి భక్తి పేరు చెప్పి ఇంటివారిని విడిచిపెట్టువాడు ప్రభువు మార్గములో నడచుటలేదు.

2. అయితే ఈ అనురాగమునకు ఎల్లలున్నవి.

ఐగుప్తు దేశములో ఆక్సిరింకస్ అను పురాతన పట్టణపు చెత్తదిబ్బలలో వేలకొలది పాత కాగితములు దొరికినవి. వాటిలో ఒక కూలివాని ఉత్తరమున్నది. అది క్రీస్తు పూర్వము 1వ సంవత్సరములో వ్రాయబడి, 1904లో పండితులచే అచ్చువేయబడినది. హిలారియోను అనువాడు పనికొరకు అలెక్సంద్రియకు పోయి, ఇంటివద్దనున్న తన భార్య ఆలిస్‌కు వ్రాయుచున్నాడు. మన పల్లెనుండి వలసపోయినవాడు వ్రాయు ఉత్తరమువలెనే యున్నది. పసిబిడ్డను జాగ్రత్తగా చూచుకొమ్మనుచున్నాడు. కూలి చేతికి రాగానే పంపెదననుచున్నాడు. తన్ను మరువవద్దని ఆమె కబురు పంపగా, నిన్నెట్లు మరతునని పలుకుచున్నాడు. ఈ మాటల నడుమనే మరియొక మాట యున్నది. రాబోవు కాన్పులో మగబిడ్డయైతే ఉంచుమనియు, ఆడబిడ్డయైతే పారవేయుమనియు చెప్పుచున్నాడు.

ప్రియులారా, ఇతడు క్రూరుడని త్రోసివేయుట సులభము. అతనికి అనురాగము లేదా? ఉన్నది. భార్యయందున్నది, పసిబిడ్డయందున్నది. అయితే లాభము కనబడనిచోట అది ఆగిపోయెను. ఆ కాలములో అట్లు పారవేయబడిన శిశువులలో అనేకులు చనిపోయిరి. కొందరిని ఎత్తుకొనిపోయి బానిసలుగా పెంచిరి. తొలి క్రైస్తవులైతే బిడ్డలను పారవేయలేదు. ఆ కార్యము పాపమని బోధించిరి.

ఇది పాత కథ అని తలంచవద్దు. ఆడపిల్ల ఎన్నటికైనను ఆడ పిల్లయే గాని ఈడ పిల్ల కాదని మన ఇండ్లలో ఇంకను చెప్పుకొందురు. గర్భములోని శిశువు ఆడో మగో పరీక్షించి తెలుపుటను నిషేధించుచు మన దేశమునకు 1994లో ఒక చట్టము చేయవలసివచ్చెను. వృద్ధులైన తల్లిదండ్రులను పోషించుటకు 2007లో మరియొక చట్టము వచ్చెను. పుట్టుకతో వచ్చిన ప్రేమ చాలినదైతే ఈ చట్టములతో పని యేమి? మనుష్యుని అనురాగము మంచిదే. పాపము దానిని తన గడపలోపల, తన లాభములోపల బంధించినది.

3. పౌలు ఇంటి మాటను సంఘములోనికి తెచ్చెను.

రోమా 12:10లో పౌలు రెండు ఇంటి మాటలను జతపరచెను. ఒకటి తోడబుట్టినవారి ప్రేమ, రెండవది తల్లికి బిడ్డయందుండు అనురాగము. ఈ రెండును రక్తసంబంధుల మాటలు. ఎవరికి వ్రాసెను? రోమాలోని సంఘమునకు. అక్కడ యూదులుండిరి, అన్యజనులుండిరి, దాసులుండిరి. ఒకరి రక్తము ఒకరిది కాదు.

ఆ పట్టణము సంగతి వినుడి. పౌలు వ్రాసిన తరువాత సుమారు నూరు సంవత్సరములకు ఫ్రోంతో అను గొప్ప పండితుడు రోమాలో నివసించెను. మార్కస్ ఔరేలియస్ చక్రవర్తికి అతడు గురువు. పౌలు వాడిన ఈ గ్రీకు మాటనే తీసికొని, ఇట్టి అనురాగముగలవాడు రోమాలో కనబడుట మిక్కిలి అరుదనియు, అందుచేతనే లాటిను భాషలో దానికి మాట లేకపోయెననియు అతడు ఒక ఉత్తరములో వ్రాసెను. లోకము మాటయు లేదన్న పట్టణములో అపొస్తలుడు దాసులను, యజమానులను ఒక ఇంటి పిల్లలవలె ఉండుమనెను. అది ఉత్త మాటగా పోలేదు. 16వ అధ్యాయము చదువుడి. రూఫు తల్లికి వందనములు చెప్పుచు, ఆమె తనకును తల్లియేయని పౌలు చెప్పుచున్నాడు. ఎక్కడనో ఒకచోట ఆ తల్లి ఈ ఒంటరి సువార్తికుని బిడ్డగా చేరదీసినది.

ఇది ఎట్లు సాధ్యము? 8వ అధ్యాయము జవాబిచ్చుచున్నది. దేవుడు మనలను దత్తపుత్రులుగా స్వీకరించెను. ఒక తండ్రి ఇంటిలో చేర్చబడినవారు ఒకరికొకరు పరాయివారు కారు. అగాపే దేవునియొద్దనుండి దిగి వచ్చి, బంధింపబడిన మన స్తోర్గే గడప తలుపు తెరచుచున్నది.

మన సంఘములో ఒంటరియైన విధవరాలున్నది. పిడికెడు బియ్యపు కానుకలోనుండి ఆమెకు నెలనెల బియ్యము పోవుచున్నవి. మంచిదే. అయితే రాత్రివేళ ఆమె దగ్గుచున్నప్పుడు చెంబెడు వేడినీళ్లు కాచి ఇచ్చువారెవరు? బియ్యము ధర్మము; వేడినీళ్లు అనురాగము. పౌలు మనలను ఆ రెండవదానిని అడుగుచున్నాడు.

మరియొక సంగతి మనస్సు నొచ్చినను చెప్పవలెను. ప్రభువు బల్లయొద్ద ఒకే రొట్టెలో పాలుపొంది, గుడి మెట్లు దిగగానే ఏ కులమువారు ఆ పేటకు పోయి, అవతలి పేటలో చావు వచ్చినను గడప త్రొక్కకపోయినయెడల, మనము హిలారియోనుకంటె మేలైనవారమా? అతడు కుమార్తెను త్రోసివేయుమనెను. మనము ఒకే తండ్రికి పుట్టిన తోబుట్టువును త్రోసివేయుచున్నాము. ఈ నెలలోనే అవతలి పేటలోని ఒక ఇంటికి పోయి, వారి చాపమీద కూర్చుండి, వారు పెట్టినది తిని, వారితో ప్రార్థించి రండి. వారిని మీ ఇంటికి పిలువుడి. అనురాగము ఆజ్ఞచేత పుట్టదని కొందరందురు. నిజమే, ఒక కప్పు క్రింద కలిసి తినుటచేత, కలిసి ఏడ్చుటచేత అది పెరుగును.

ఇంటివారే విడిచినవారు మీలో ఎవరైన ఉన్నయెడల ఈ మాట మీకొరకే. తల్లి తన చంటిపిల్లను మరచిపోయినను తాను మరువనని ప్రభువు సెలవిచ్చెను (యెషయా 49:15). తలిదండ్రులు విడిచిన బిడ్డను ఆయన చేరదీయునని దావీదు సాక్ష్యమిచ్చుచున్నాడు (కీర్తన 27:10). ఆయన చేరదీసినవారిని ఎత్తుకొనుటకు ఆయనకు భూమిమీద చేతులు కావలెను. ఆ చేతులు మనవే.

ప్రభువా, మా ఇండ్లలో నీవుంచిన అనురాగమును కాపాడుము. దానిని మా గడప దాటించుము. ఆమేన్.