ఊర్మిళాదేవి నిద్ర – ఒక ధర్మసందేహము

వనపర్తి సీమలో ఖిల్లా ఘణపూర్ కొండకోటను చూడబోయిన వారికి గోన గణపరెడ్డి పేరు తప్పక వినబడును. కాకతీయులకు సామంతులై, వర్ధమానపురము రాజధానిగా ఈ ప్రాంతమునేలిన గోనవారి ఇంటనే రంగనాథ రామాయణము పుట్టినది. 13వ శతాబ్దమున గోన బుద్ధారెడ్డి దానిని తన తండ్రి విఠలుని పేర ద్విపదలో రచించినాడు. ఉత్తరకాండను ఆయన కుమారులు కాచవిభుడు, విఠలుడు పూరించినారు. శ్రమ కొడుకుది, పేరు తండ్రిది, ముగింపు మనుమలది. ఇట్టి కావ్యము కుటుంబధర్మమును తరచి చూచుటలో వింత లేదు.

వాల్మీకమున లేని ఘట్టమొకటి ఇందు కలదు. వనవాసమున అన్నావదినెలకు కావలియున్న లక్ష్మణుని ఎదుట నిద్రాదేవి నిలిచినది. పదునాలుగేండ్లు తన్ను విడిచి, అయోధ్యలోని ఊర్మిళను ఆశ్రయింపుమని అతడు వేడినాడు. మెలకువ అడవిలో, నిద్ర అంతఃపురములో! కారణమొకచోట, కార్యమొకచోట ఉండుటను ఆలంకారికులు అసంగతి యందురు. కవులు సాధారణముగా దీనిని చమత్కారమునకై వాడుదురు. ఇక్కడ మాత్రము ఆ అలంకారము వెల ఒక ఇల్లాలి పదునాలుగేండ్ల ఆయుష్షు.

అన్నకు సేవచేయదలచిన తమ్ముడు తన వ్రతభారమును భార్యపై మోపవచ్చునా? విరహము తెలియకుండ చేసిన అనుగ్రహమే అది యని సమర్థించువారు కలరు. అది సగము నిజము. మేలుకొని ఎదురుచూచుటకైనను భార్యకు అధికారము కలదు గదా! సీత వాదించి భర్త వెంట నడచినది. ఊర్మిళకు వాదించు తరుణమే చిక్కలేదు. సహధర్మచారిణి వ్రతమును పంచుకొనుట వేరు, అడుగకయే ఆమెకు అప్పగించుట వేరు. ఎక్కువసేపు నిద్రించు వారిని ‘ఊర్మిళాదేవి నిద్ర’ యని పరిహసించు మన లోకము ఈ భేదమును ఎన్నడో మరచినది.

కావ్యము మరువలేదు. పట్టాభిషేకవేళ, గడువు తీరినంతనే నిద్ర తిరిగి వచ్చినది. లక్ష్మణుడు నవ్వినాడు. కొలువులోని వారు ఎవరి లోపమును వారు తలచుకొని, ఆ నవ్వు తమను గూర్చియేమో యని శంకించినారు. కవి ఎవరిని నిందింపలేదు. ఒక్క నవ్వులో ఇన్ని అర్థములు మెదలుట ధ్వని. నిజమునకు ఆ నవ్వు లక్ష్మణుని గూర్చినదే. అప్పులవాడు పెండ్లిపందిటిలోనికే వచ్చినట్లు, ఏ సేవకై నిద్రను వెళ్లగొట్టినాడో ఆ సేవ ఫలించు ఘడియలోనే అది వచ్చి నిలిచినది.

తెలుగు స్త్రీల పాట ఇంకొక అడుగు ముందుకు వేసినది. అందులో ఊర్మిళ కన్ను తెరచి, ఎదుటనున్నవాడు పరపురుషుడని తలచి గద్దించును. లోకమెల్ల కొనియాడిన ఆ తమ్ముడు, తన ఇంట, తన భార్యకు, తానెవరో చెప్పుకొనవలసి వచ్చినది.